"చెడిపోతే ఎవరొస్తరు?"

(నల్లగొండ జిల్లాలోని ఒక రైతు వేదికలో, రైతులతో పాటు ఊళ్లో పని అనుభవం కోసం వచ్చిన వ్యవసాయ డిగ్రీ విద్యార్థుల ముందు, కొత్త సాగు పద్ధతులను రైతులకు చేరవేసే ఉద్యోగం చేసి రిటైరైన ఒక వ్యవసాయ విస్తరణ అధికారి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ అన్నలు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అక్కా, మీరు కూడా రండి. గోడ పక్కన కూర్చుంటే నా మాట మీకు వినబడదు, మీ మాట నాకు వినబడదు, ఇవాళ నాకు మీ మాటే ఎక్కువ కావాలి.

నన్ను పిలిచినవాళ్లు ఇచ్చిన అంశం "స్మార్ట్ వ్యవసాయం పట్ల రైతుల వైఖరి". ఈ మాట నేను చాలా మీటింగుల్లో విన్నాను. పైకి వైఖరి అంటారు గానీ లోపల అడిగేది ఒకటే, రైతులు ఎందుకు ఒప్పుకోవడం లేదు అని. డ్రోన్ ఉంది, సెన్సార్ ఉంది, యాప్ ఉంది, డ్రిప్ ఉంది, ఇన్ని ఉన్నా రైతు ఎందుకు ముందుకు రావడం లేదు అని. నేను ఆ ప్రశ్న తిప్పి అడుగుతాను. రైతు ఎవరూ చెప్పకుండానే ఒప్పుకున్నవి ఏమున్నాయి? వాటిని ఎందుకు ఒప్పుకున్నాడు?

మొబైల్ స్టార్టర్ ఉన్నోళ్లు ఒకసారి చేతులెత్తండి. డబ్బాలో సిమ్ ఉండి, ఫోన్‌తో మోటరు పెట్టేది. ఎత్తండి, ఎత్తండి... చూశారా పిల్లలూ, సగం మందికి పైనే. ఇప్పుడు చెప్పండి అన్నలూ, దీనికి మీకు సబ్సిడీ ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. ట్రైనింగ్ ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. నేను ఉద్యోగం చేసినన్ని రోజుల్లో మొబైల్ స్టార్టర్ మీద ఒక్క అవగాహన సదస్సు కూడా పెట్టలేదు. అయినా ఊరూరికీ వచ్చింది. ఎట్లా వచ్చింది?

చిన్న పిల్లలకు తెలియదు, చెప్తాను. మన తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి మొదలైంది. అంతకు ముందు కరెంటు ముక్కలు ముక్కలుగా వచ్చేది, అందులో ఒక ముక్క రాత్రి పూట. రాత్రి కరెంటు వచ్చిందంటే బ్యాటరీ లైటు పట్టుకొని గెట్టు మీద నడుచుకుంటూ పోవాలి. కాలి కింద ఏ పురుగూ పుట్రా ఉందో తెలియదు. పోయినాక తడి చేత్తో స్టార్టర్ డబ్బా ముట్టాలి. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో రాత్రి మోటరు పెట్టబోయి వెనక్కి రాని మనిషి తెలియనివాళ్లు ఉన్నారా? పాము కాటుకో, కరెంటు షాకుకో. నేను పనిచేసిన ప్రతి మండలంలోనూ అట్లాంటి ఇండ్లకు పోయి కూర్చొని వచ్చాను. అందుకే అప్పట్లో రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు, కరెంటు రాగానే మోటరు దానంతట అదే లేస్తుందని. 24 గంటల కరెంటు ఇచ్చేముందు ఆ ఆటో స్టార్టర్లు తీసేయండి, భూమిలో నీళ్లు మొత్తం తోడేస్తున్నాయి అని సర్కారే ఊరూరా చెప్పాల్సి వచ్చింది. మరి రైతుకు స్మార్ట్ యంత్రం వద్దా? ప్రాణం మీదికి వచ్చినచోట ఎవరూ అడగకముందే తెచ్చుకున్నాడు.

మొబైల్ స్టార్టర్‌ను జాగ్రత్తగా చూడండి, మీరు రేపు ఏ యంత్రం తయారు చేసినా ఇదే పాఠం. పెట్టిన రాత్రే ఫలితం తెలుస్తుంది, పంట కోతదాకా ఆగనవసరం లేదు. చెడిపోతే మండలంలో మోటరు వైండింగ్ చేసే షాపాయన విప్పి చూస్తాడు, లేదంటే రెండు రోజుల్లో మార్చి తెస్తాడు. ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. సిమ్ పనిచేయలేదు, సిగ్నల్ లేదు అనుకోండి, డబ్బా మీద పాత పచ్చ బటన్ అట్లనే ఉంటుంది. నొక్కితే మోటరు లేస్తుంది. అంటే కొత్తది వచ్చినా పాత దారి మూసుకుపోలేదు. రైతు భయపడేది కొత్త దారికి కాదమ్మా, పాత దారి మూసుకుపోతుందేమోనని. ఈ ఒక్క మాట రాసుకోండి.

చండూరు దిక్కు ఒక అక్క ఇంట్లో చూశాను. భర్త హైదరాబాద్‌లో డ్రైవర్. వాళ్ల బోరు నంబరు ఆయన ఫోన్‌లో ఉంది. ఈమె పొలంలో నిలబడి ఆయనకు ఫోన్ చేసి "పెట్టు" అంటుంది, ఆయన అక్కడి నుంచి మోటరు పెడతాడు, మడి నిండినాక మళ్లీ ఫోన్ చేసి "ఆపు" అంటుంది. ఆయన బండి నడుపుతుంటే ఫోన్ ఎత్తడు, నీళ్లు గెట్టు దాటి పక్క మడిలో పడతాయి. నేను ఆ నంబరు ఈమె ఫోన్‌లో కూడా ఎక్కించి ఇచ్చాను, రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల పని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే బోరు ఆయన పేరు మీద ఉంది, సిమ్ ఆయన పేరు మీద ఉంది, పొలంలో ఉన్నది మాత్రం ఈమె. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు రైతు ఒప్పుకోని దాని గురించి చెప్తాను. డ్రిప్, అంటే పైపుల్లోంచి చెట్టు మొదట్లో చుక్క చుక్కగా నీళ్లు పెట్టేది. ఇది నా తప్పు కూడా, కాబట్టి పూర్తిగా చెప్తాను.

మన దగ్గర డ్రిప్‌కు సబ్సిడీ తక్కువేం లేదు. ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం, బీసీలకు, సన్న చిన్నకారు రైతులకు 90, మిగిలినవాళ్లకు 80. ఇంత ఇచ్చినా ఒక బత్తాయి తోటలో డ్రిప్ పైపులు చుట్టచుట్టి వేప చెట్టు కొమ్మకు వేలాడదీసి ఉన్నాయి. రైతు మళ్లీ కాలువ తీసి పాదులకు నీళ్లు పారబెడుతున్నాడు. నేను తనిఖీకి పోయి చూశాను, రిపోర్టులో రాశాను: "రైతుకు ఆసక్తి లేదు." మూడు మాటలు. రాసి సంతకం పెట్టి వచ్చాను.

రెండేళ్ల తర్వాత వేరే పని మీద అదే దారిలో పోతుంటే ఆయనే పిలిచి మంచినీళ్లు ఇచ్చాడు. కూర్చున్నాక ఆ పైపు దించి నా చేతిలో పెట్టాడు. చుక్క పడే చోట తెల్లగా గట్టిగా గారలాగా పేరుకొని ఉంది. గోటితో గీకితే రాలేదు. మన బోర్ల నీళ్ల సంగతి మీకు తెలుసు, ఫ్లోరైడ్ ఒకటే కాదు, ఉప్పు కూడా ఉంది, కుండలో పోస్తే అడుగున తెల్లగా కడుతుంది. ఆ నీళ్లే సన్నటి రంధ్రాల్లోంచి పోతే ఏమవుతుంది? మూసుకుపోతుంది. అప్పుడప్పుడు యాసిడ్ కలిపిన నీళ్లు పంపి, ఒక రోజు ఆపి, చివర మూతలు తీసి కడగాలి. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆయన ఏమన్నాడో చెప్తాను: "సార్, మొదటి ఏడు మంచిగనే నడిచింది. తర్వాత ఉడుత కొరికింది. జాయినర్ కోసం నల్లగొండ పోతే ఆ సైజు లేదన్నరు. బిగించిపోయినోళ్లకు ఫోన్ చేస్తే ఎత్తలె. ఎండకాలం సార్, చెట్లు ఎండుతున్నయి. నేనేం చెయ్యాలె? కాలువ తీసిన."

బత్తాయి చెట్టు చేతికి రావడానికి ఐదారేళ్లు పడుతుంది. ఒక్క ఎండాకాలం నీళ్లు అందకపోతే ఆ ఐదారేళ్లు పోతాయి. ఆయన తోటను కాపాడుకోవడానికి కాలువ తీశాడు, నేను దానికి ఆసక్తి లేకపోవడం అని పేరు పెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ ఎక్కడో ఫైల్లో ఉంటుంది. దాన్ని, అట్లాంటివి ఇంకొన్ని వందల కాగితాలను కలిపి ఎవరో లెక్క తీసి రైతుల వైఖరి ఇది అని అంటారు. అందుకే పిల్లలూ, మీరు సర్వే ఫారాలు పట్టుకొని వచ్చారు కదా, అందులో "ఆసక్తి ఉందా లేదా" అనే గడి ఉంటే దాని పక్కన ఇంకో ప్రశ్న చేత్తో రాసుకోండి. "పోయినసారి ఏమైంది?" ఇది అడగండి. అడిగి కూర్చోండి. మొదటి ఐదు నిమిషాలు ఏమీ చెప్పరు.

అదే పాలమూరు దిక్కు చూడండి. నేను నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రాంతంలో కొన్నేళ్లు చేశాను. యాసంగిలో పల్లి వేసే రైతుల దగ్గర, నీళ్లను వానలాగా చల్లే స్ప్రింక్లర్లు ఎట్లా పాకాయో మీరు చూడాలి. అదీ నీళ్ల యంత్రమే, ఇదీ నీళ్ల యంత్రమే. ఆ పైపులు మాత్రం విప్పి భుజం మీద వేసుకొని పక్క చేనుకు తీసుకుపోవచ్చు. ఇవాళ నా చేనుకు తిప్పుకుంటాను, రెండు రోజులు బామ్మర్ది చేనుకు ఇస్తాను. నాజిల్ మూసుకుంటే కంటికి కనబడుతుంది, పుల్లతో పొడిస్తే పోతుంది. ఎవరికీ ఫోన్ చేసే పని లేదు. నా దృష్టిలో రైతుకు నచ్చే యంత్రం అంటే ఇదే, ఏం జరుగుతుందో కంటికి కనబడాలి, తన చేత్తో బాగు చేసుకోవాలి, పక్కవాడికి అరువియ్యాలి.

ఇది మన రైతుల సంగతే అనుకోకండి. అమెరికాలో అయోవా అని ఒక రాష్ట్రం ఉంది, మొక్కజొన్న బాగా పండే నేల. అక్కడికి హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం 1928 ప్రాంతంలో వచ్చింది. రయాన్, గ్రాస్ అని ఇద్దరు పరిశోధకులు రెండు ఊళ్లలో 259 మంది రైతులను అడిగి 1943లో ఆ అధ్యయనం అచ్చు వేశారు. మా వ్యవసాయ విస్తరణ చదువు అంతా దాని మీదే నిలబడింది, మీకు కూడా ఈ సెమిస్టర్‌లో ఉండే ఉంటుంది. వాళ్లు చూసింది ఏంది? విత్తనం సంగతి చాలామంది మొదట విన్నది అమ్మేవాళ్ల నోటి నుంచే. నమ్మింది మాత్రం పక్క పొలం రైతును చూసి. అంత మంచి దిగుబడి ఇచ్చే విత్తనం, వాడని రైతు ఇద్దరే ఇద్దరు మిగలడానికి 1941 దాకా పట్టింది. పదమూడేళ్లు! చదువుకున్నవాళ్లు, ట్రాక్టర్లు ఉన్నవాళ్లు, మన కంటే ఎన్నో రెట్ల భూమి ఉన్నవాళ్లు. మొదటి ఏడు కొంచెం వేసి చూశారు, రెండో ఏడు ఇంకొంచెం పెంచారు. మరి రెండున్నర ఎకరాల మనిషి మొదటి సీజన్‌లోనే మొత్తం మారాలని అడగడం న్యాయమా? మన రాష్ట్రంలో సగటు కమతం ఎంతో తెలుసు కదా, 2015–16 లెక్కల ప్రకారం ఒక హెక్టారు. అందులో పది గుంటలు, అంటే పావు ఎకరం, ప్రయోగానికి ఇయ్యడం అంటే ఇంట్లో తినే గింజల్లోంచి తీసి ఇచ్చినట్టు.

కొంతమంది పెద్ద చదువులవాళ్లు అంటారు, రైతు రిస్కు తీసుకోడు అని. అయ్యా, నల్లగొండకు వచ్చి ఈ మాట అనొచ్చా? మనుషుల కంటే బోర్లు ఎక్కువ అని పేరు పడ్డ ముషంపల్లి ఈ జిల్లాలోనే ఉంది. ఆరు వందల అడుగుల లోతున కంటికి కనబడని నీళ్ల కోసం మిత్తికి అప్పు తెచ్చి, పుస్తెలు కుదువబెట్టి, ఒక బోరు, రెండో బోరు, మూడో బోరు వేసినవాళ్లు ఇక్కడ ఎంతమంది? చేతులు ఎత్తమని అడగను, నాకు తెలుసు. ఇంతకంటే పెద్ద రిస్కు ఏ కంపెనీ తీసుకుంటుంది? మరి అంత రిస్కు తీసుకున్న మనిషి నేల తేమ చెప్పే సెన్సార్‌కు ఎందుకు వెనకాడతాడు? నీళ్లు పడితే ఏమొస్తుందో ఆయనకు తెలుసు, గింజ గింజ లెక్క తెలుసు. పక్కోడికి పడ్డ నీళ్లు కంటితో చూశాడు. సెన్సార్ పెడితే ఏమొస్తుందో ఆయనకు ఎవరూ చూపించలేదు. ఇంకొకటి, కొబ్బరికాయ పట్టుకొని నీళ్లు చూసే మనిషి పిలిస్తే వస్తాడు. పొలమంతా రైతు వెంట తిరుగుతాడు. సాయంత్రం దాకా ఉంటాడు. ఆయన చెప్పేది సైన్సు అవునా కాదా అనే వాదం పక్కన పెట్టండి, ఆయన వచ్చాడు. మనం రాలేదు.

పత్తి మాట కూడా చెప్పాలి. కాయతొలిచే పురుగును తట్టుకునేటట్టు తయారు చేసిన బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి పత్తి వేసే నేలలో నూటికి తొంభై ఎకరాలకు పైగా అదే. ఇంత తొందరగా ఒక కొత్త టెక్నాలజీని ఏ రంగం ఒప్పుకుంది చెప్పండి? కాయతొలిచే పురుగుకు వారం వారం మందు కొట్టి, ఆ మందే తాగి చచ్చిపోయిన రోజులు చూసినోళ్లు కాబట్టి ఒప్పుకున్నారు. కానీ తర్వాత ఏమైంది? గులాబీ రంగు పురుగు దాన్ని తట్టుకొని మళ్లీ వచ్చింది. ఇప్పుడు మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు కట్టండి, పంట తొందరగా తీసేయండి అని మేమే చెప్తున్నాం. ఒకప్పుడు "ఈ విత్తనం వేస్తే చాలు" అని విన్న చెవులు ఇవి. ఇప్పుడు "ఈ యాప్ వేసుకుంటే చాలు" అంటే ఆ చెవులు కొంచెం ఆగి వింటాయి. అది మొండితనం కాదు, అనుభవం.

డ్రోన్ గురించి అడుగుతున్నారు. అడగండి, మంచిదే. మొదటిసారి మా దగ్గర వరి పొలం మీద డ్రోన్‌తో మందు కొట్టించినప్పుడు నేను ఉన్నాను. పది లీటర్ల ట్యాంకు, ఎకరం ఆరేడు నిమిషాల్లో అయిపోయింది. మామూలుగా మనం ఎకరానికి నూటయాభై, రెండు వందల లీటర్ల నీళ్లు కొడతాం, ఆకు మీది నుంచి చుక్కలు కారాలి, అప్పుడే మందు పడినట్టు. ఇక్కడ పది లీటర్లు, అదీ మంచులాగా. పొలం యజమాని ఆకు పట్టుకొని చూసి "తడవలే సార్, పైసలు గాలికి పోయినయి" అన్నాడు. పైలట్ పిల్లగాడు ఇంగ్లీషులో ఏదో చెప్పబోయాడు, నేను ఆపాను.

నా దగ్గర పసుపు రంగు కాగితాలు ఉన్నాయి. నీటి చుక్క తగిలిన చోట నీలంగా మారుతుంది. ఆ రైతు చేతికే ఇచ్చాను, నువ్వే నీకు నచ్చిన చోట పెట్టు అన్నాను. ఆయన పైన ఆకుకు ఒకటి, దుబ్బు మధ్యలో ఒకటి, కింద ఎక్కడో, అసలు మందు పోదు అనుకున్న చోట ఒకటి గుండుసూదితో గుచ్చాడు. పక్క మడి మీద డ్రోన్ ఒక తాపు తిరిగింది. పోయి తీసి చూస్తే పై కాగితం మీద ఆవాల్లాగా సన్నటి నీలం చుక్కలు, దగ్గర దగ్గరగా. మధ్యలోది కొంచెం పలచగా. కింద పెట్టిన దాని మీద కూడా అక్కడక్కడా ఉన్నాయి, రెక్కల గాలి ఆకులను తెరిచి కిందికి తోస్తుంది కదా. ఆయన మూడు కాగితాలు అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూశాడు. మాట్లాడలేదు. మడిచి అంగీ జేబులో పెట్టుకొని ఇంటికి తీసుకుపోయాడు. మర్నాడు ఆ కాగితాలు హోటల్ దగ్గర పది మంది చేతులు మారాయి. నేను వంద ఉపన్యాసాలు ఇచ్చినా అంత పని జరిగేది కాదు.

ఆ పది లీటర్ల దగ్గర ఒక ప్రమాదం కూడా ఉంది, వినండి. డబ్బా మీద "లీటరుకు రెండు మిల్లీలీటర్లు" అని రాసి ఉంటుంది. ఆ లెక్క పట్టుకొని పది లీటర్లకు ఇరవై మిల్లీలీటర్లు కలిపితే ఎకరానికి పడాల్సిన మందులో పదో వంతు కూడా పడదు. పురుగు చావదు, డ్రోన్‌కు చెడ్డ పేరు. డ్రోన్‌కు ఏ మందు పనికొస్తుందో, ఎకరానికి ఎంతో అడిగి కలపాలి. మన రైతు లెక్క మామూలుగా లీటర్లలో ఉండదు, ట్యాంకుల్లో ఉంటుంది, "ట్యాంకుకు రెండు మూతలు" అంటాడు. మరి మీ యాప్‌లో ట్యాంకు అనే మాట ఉందా పిల్లలూ? వానాకాలం, యాసంగి అని ఉందా, ఖరీఫ్, రబీ అని ఉందా? "పోషక యాజమాన్యం" అని రాస్తే ఈ అక్కకు ఏం అర్థమవుతుంది? "అడుగు మందు, పై మందు" అని రాయడానికి ఏమడ్డం?

డ్రోన్ విషయంలో ఇంకో రెండు భయాలు ఉన్నాయి, ఫారాల్లో ఎవరూ రాయరు కాబట్టి నేను చెప్తాను. ఒకటి భూమి భయం. రింగు రోడ్డు సర్వేలు జరిగిన దిక్కు డ్రోన్ చప్పుడు వినబడితే మనుషులు ఇండ్లల్లోంచి బయటికి వస్తారు, మా భూమి పోతుందా అని. వాళ్లకు నేల ఫోటో అంటే పంట ఆరోగ్యం గుర్తుకు రాదు, కొలత రాయి గుర్తుకొస్తుంది. కాబట్టి ఎవరి పొలం మీద ఎగరేసినా ముందు రోజే చెప్పండి, ఫోటో తీస్తున్నారా లేదా చెప్పండి, తీస్తే అది ఎవరి దగ్గరికి పోతుందో చెప్పండి. అడిగే హక్కు రైతుకు ఉంది.

రెండోది కూలి భయం. కలుపు మందు వచ్చినాక ఆడవాళ్లకు కలుపు తీసే కూలి ఎంత తగ్గిందో ఈ అక్కలను అడగండి. నాటు మిషన్ వస్తే నాటు కూలి పోతుంది. మీటింగులో యజమాని "మిషన్ మంచిదే" అంటాడు, ఆ పక్కనే కూర్చున్న కూలి అక్క ఏమీ అనదు. ఆమె వైఖరి ఎవరు రాస్తారు? కేంద్రం నమో డ్రోన్ దీదీ అని 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకం పెట్టింది, ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా సాయం. దారి మంచిది. పని పోయేది ఆడవాళ్లదైతే, వచ్చే యంత్రం కూడా వాళ్ల చేతికే రావాలి. ఒక డ్రోన్‌తో ఒక సంఘం బతుకుతుందేమో గానీ, ఊళ్లో కలుపుకు పోయే నలభై మందికి అది జవాబు కాదు. ఇది నాకు తేలని ప్రశ్న, మీ ముందు పెడుతున్నాను.

ఫోన్ సంగతికి వస్తాను. ఇప్పుడు పత్తి అమ్మాలన్నా యాప్‌లో స్లాట్ పెట్టుకోవాల్సి వస్తోంది. తేమ 8 నుంచి 12 శాతం లోపల ఉండాలి, అది ఒక టెన్షన్. ఆ పైన ఓటీపీ టెన్షన్. ఓటీపీ వచ్చే నంబరు కొడుకుది, కొడుకు హైదరాబాద్‌లో డ్యూటీలో ఉంటాడు, పత్తి ట్రాక్టర్లో ఉంటుంది, మబ్బు పడుతుంది. నిరుడు ఒక ముసలాయన నా దగ్గరికి ఫోన్ పట్టుకొని వచ్చాడు, చేతులు వణుకుతున్నాయి, "సారూ, ఇది నొక్కితే నా పత్తి పోతదా?" అని అడిగాడు. ఆయన టెక్నాలజీకి వ్యతిరేకి అంటారా? తప్పు నొక్కితే దిద్దుకోవడానికి దారి లేదని ఆయన భయం. కౌలు రైతు సంగతి ఇంకా కష్టం. పాసుబుక్కు ఆయన పేరు మీద లేదు, కాబట్టి డ్రిప్ సబ్సిడీ లేదు, యాప్‌లో పేరు లేదు. పొలం చేసేది ఆయన, సలహా మెసేజ్ పోయేది పట్నంలో ఉన్న పట్టాదారు ఫోన్‌కు. ఇట్లా ఉంటే ఎంత తెలివైన యాప్ అయినా ఎవరికి చెప్తున్నట్టు?

మంచి జరిగిన చోటు కూడా చెప్పాలి కదా. ఖమ్మం జిల్లాలో సాగు బాగు అని మిర్చి రైతుల మధ్య ఒక కార్యక్రమం నడిచింది, ఏడు వేల మందితో. మట్టి పరీక్ష, ఫోన్‌లో సలహాలు, కాయ నాణ్యత యంత్రంతో చూడటం, కొనేవాళ్లతో కలపడం, అన్నీ ఒక వరుసలో పెట్టారు. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగు మందు 9 శాతం, ఎరువు 5 శాతం తగ్గాయని లెక్క చెప్పారు. నాకు ఇందులో నచ్చింది ఒకటే, విత్తనం దగ్గర మొదలుపెట్టి అమ్మకం దాకా పోయారు. దిగుబడి పెంచే సలహా ఇచ్చి, ధర దగ్గరికి వచ్చేసరికి చేయి వదిలేస్తే రైతు మళ్లీ ఫోన్ తెరవడు.

ఇంక అన్నలూ, మీకు కూడా ఒక మాట చెప్పాలి. విద్యార్థులనే అనడం న్యాయం కాదు. మొబైల్ స్టార్టర్ మంచిదని అన్నాను. కానీ దాంతో ఏమవుతోంది? పొద్దున్నే పండుకున్న మంచం మీది నుంచి మోటరు పెట్టి మర్చిపోతున్నాం. కరెంటు బిల్లు లేదు కాబట్టి గుర్తు రాదు. మడి నిండి, గెట్టు తెగి, నీళ్లు దారిలోకి వస్తున్నాయి. ఆ నీళ్లు కింద నుంచి తెచ్చినవి. ఒకప్పుడు ఏడు బోర్లు వేసి ఏడ్చినవాళ్లమే, ఇప్పుడు నీళ్లు పైకి రాగానే ఇట్లా చేస్తే ఎట్లా? ఆయకట్టు కింద ఉన్నవాళ్లకు సాగర్ కాలువ ఉంది, బోరు మీద ఉన్నవాళ్లకు ఏముంది? ఫోన్‌లో టైమర్ ఉంటుంది, గంట పెడితే గంటకు ఆగుతుంది. వాడుతున్నవాళ్లు ఎంతమంది? ...ఇద్దరు. ఇంత మందిలో ఇద్దరు. సాయంత్రం దాకా ఈ పిల్లలు ఇక్కడే ఉంటారు, ఫోన్ ఇచ్చి టైమర్ పెట్టించుకొని పోండి.

ఎవరైనా కొత్త యంత్రం పట్టుకొని మీ గడపకు వస్తే వెళ్లగొట్టకండి. కూర్చోబెట్టి అడగండి. చెడిపోతే ఎవరొస్తారు? ఎన్ని రోజుల్లో వస్తారు? సామాను మన మండలంలో దొరుకుతుందా? ఇప్పటికే వాడిన రైతు ఏ ఊళ్లో ఉన్నాడు, పేరు చెప్పు, నేను పోయి చూసి వస్తాను. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాడి దగ్గర పది గుంటల మీద పెట్టి చూడండి. యూట్యూబ్‌లో చూసి మాత్రం మొత్తం చెలక మీద పెట్టకండి, అక్కడ పంట బాగా వచ్చినాయనే కనబడతాడు, పోయినాయన వీడియో పెట్టడు.

చివరికి ఇది చూపిస్తాను. ఈ పైపు ముక్క కనబడుతోందా? మామూలు ప్లాస్టిక్ పైపు, అడుగు పొడవు. కింది సగానికి పైగా రంధ్రాలు కొట్టాను. వరి మడిలో సగం లోపలికి, సగం పైకి ఉండేటట్టు దిగ్గొట్టి లోపలి మట్టి తీసేయాలి. ఇప్పుడు లోపలికి చూస్తే భూమిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కనబడుతుంది. పైన మడి ఆరినట్టు ఉంటుంది, మనకు గాబరా అవుతుంది, కానీ పైపులో నీళ్లు ఉంటాయి, వేరుకు అందుతున్నాయి. నీళ్లు నేల మట్టం నుంచి అర అడుగు, అంటే 15 సెంటీమీటర్లు దిగినాక మోటరు పెట్టండి. నాటు వేసిన మొదటి రెండు వారాలు, తర్వాత పూత సమయంలో మాత్రం ఇది వద్దు, మడిలో నీళ్లు నిలపాలి. ఆరుతడి అంటే ఇదే. ప్రపంచమంతా వరి పరిశోధకులు చెప్పేది ఇదే, పాతిక, ముప్పై శాతం దాకా నీళ్లు మిగులుతాయి. ఇదే పైపులో సెన్సార్ పెట్టి ఫోన్‌కు మెసేజ్ పంపే యంత్రాలు కూడా వచ్చాయి. ముందు కంటితో చూడండి. కన్ను నమ్మినాక సెన్సార్ సంగతి చూద్దాం.

ఆ బల్ల కింద ఇట్లాంటివి ఇరవై ఉన్నాయి, నేనే కోసి రంధ్రాలు కొట్టాను. బోరు మీద వరి పెట్టినవాళ్లు ఒక్కొక్కటి తీసుకోండి. అక్కా, మీరు తీసుకోండి, ఇంట్లో అడిగి చెప్తా అనకండి, మడిలో ఉండేది మీరే. తీసుకున్నవాళ్లు పొలం ఏ దిక్కో ఈ అమ్మాయికి చెప్పి రాయించండి. వచ్చే బుధవారం పొద్దున ఏడు గంటలకు నేను వస్తాను, ఈ పిల్లలు కూడా వస్తారు, మడి మడి తిరుగుదాం. పైపు వంగినా, మట్టి నిండినా, అర్థం కాకపోయినా అట్లనే వదిలేయండి, పీకేయకండి. వచ్చి చూస్తాను.

ఎవరో చెయ్యి ఎత్తారు... చెప్పన్నా.